హనుమన్న చంపిన శివన్న

బేతంచెర్లలో వార్త పుట్టకముందే హనుమన్న బండి అక్కడ ఉంటుందంటే మీరు నమ్మరు. నేను చూశాను. ఒకసారి బండి ముందు వచ్చింది, దాని నీడ అరగంట తర్వాత వచ్చి చేరింది.

ఇరవై ఏళ్లుగా అతను ఒక టీవీ చానల్‌కు విలేకరి. మొదట్లో టేపును కర్నూలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాళ్లం. బస్సుకు అడ్డం పరిగెత్తి ఆపేది నేనే. బడి మానేసిన కాళ్లకు అంతకన్నా పనేముంది? బస్సు వచ్చేలోగా హనుమన్న టీ తాగుతూ నలుగురిని అడిగి, తప్పుంటే దిద్దుకునేవాడు. ఇప్పుడు సెల్‌ఫోనే కెమెరా, అదే బస్సు. అది ఆగదు, అతన్ని ఆగనివ్వదు. ముద్ద నోటి దగ్గర పెట్టుకుని కూడా చానల్ వాట్సాప్ గ్రూపు చూస్తుంటాడు. ఇంకొక్క వార్త ఆలస్యమైతే మైకుకు తగిలించే లోగో, అంటే ఆ ఉద్యోగమే, వేరేవాళ్లకిస్తామని హైదరాబాదు డెస్కు చెప్పేసింది మరి.

మొన్న నాపరాయి గనిలో బండ జారిందని తెలిసి ఉరికాడు. పక్కనే రాయి కోసే మిషను మోత. రోజూ అక్కడ రాయి కొట్టే శివన్న కనిపించడేమని ఒక కూలీని అడిగాడు. "మంగంపేటకు పోయినాడప్పా" అన్నాడతను. ముందు మాటను మిషను మింగింది. హనుమన్న చెవికి "పోయినాడప్పా" ఒక్కటే చేరింది. నిమిషంలో శివన్న మృతి అని టీవీలో అక్షరాలు పరిగెత్తాయి, అన్ని చానళ్లకన్నా ముందు.

బండ కింద ఎవరూ లేరు. శివన్న అంతకు రెండు రోజుల ముందే ముగ్గురాయి గనుల్లో పనికి మంగంపేట చేరాడు. అతను భార్య గిడ్డమ్మకు ఫోన్ చేసేసరికి ఇంటి ముందు షామియానా లేచింది.

ఆ సంగతి తెలిసి హనుమన్న డెస్కుకు చెప్పాడు. అక్షరాలు తీసేస్తాం, తప్పు జరిగిందని మాత్రం నోరెత్తొద్దు అన్నారు. గిడ్డమ్మ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"నా మాట ఎవురు నమ్ముతాండారప్పా? ఆదోని నుంచి చుట్టాలు ఏడ్సుకుంటా వస్తాండారు. టీవీలో చంపినావు, టీవీలోనే బతికియ్యి" అంది ఆమె.

"లోగో పోతాదమ్మా."

"నా మొగుడే పోయినాడంటివి గదా."

బండ జారిన గని గురించి అని డెస్కుకు చెప్పి, గిడ్డమ్మ ఇంటి ముందు నుంచే లైవు తీసుకున్నాడు హనుమన్న. రోజూ పుస్తకం భాష దంచేవాడికి ఆరోజు అందులో ఒక్క ముక్కా రాలేదు.

"శివన్న బతికే ఉండాడు. మంగంపేటలో ఉండాడు. సరిగ్గా ఇనకుండా చంపింది నేను."

లైను తెగింది. వెంటనే గ్రూపులోంచి అతన్ని తీసేశారు. హనుమన్న మైకు మీది లోగో ఊడదీసి గిడ్డమ్మ అరుగు మీద పెట్టి, షామియానా కర్ర పెరకబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. గిడ్డమ్మ వచ్చి రెండో పక్క పట్టుకుంది.