ఎర్ర పట్టీల పిన్నులు

మొన్న ఇచ్చోడలో మా బిడ్డ ఇంటికి పోయి అన్నం తింటున్నాను. విత్తనాల దుకాణం మూసి వచ్చిన అల్లుడు కాళ్లు కూడా కడుక్కోకుండా టీవీ పెట్టాడు. కొత్త యుద్ధ విమానం మీద వాదులాట నడుస్తోంది. జన్మలో ఎన్నడూ ఆ రెక్క కింద నిలబడి చెమట తుడుచుకోని నలుగురు పెద్దమనుషులు, అది నమ్మదగిందని ఇద్దరు, కాదని ఇద్దరు, సంతలో ఎద్దు పళ్లు లెక్కబెట్టే బేరగాళ్లకంటే ఎక్కువగా గొంతులు చించుకుంటున్నారు. అల్లుడు నా వైపు తిరిగి, "మామా, నువ్వు గా నౌకరీల ఉన్నోనివి గదా, జర చెప్పు. గీ విమానం నమ్మొచ్చునా? రేపు లడాయొస్తే అక్కరకొస్తదా?" అని అడిగాడు. చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టాను. నా కళ్లు తడవడం చూసి, కారం ఎక్కువైందేమో అనుకుని బిడ్డ నీళ్లు తెచ్చింది.

మన ఈడు వాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో మా బోథ్ వైపు నాలుగక్షరాలు వచ్చిన పిలగాడు అయితే మాస్టరయ్యేవాడు, లేకుంటే దుబాయికి పోయేవాడు. నేను రెండూ కాక, కరీంనగర్‌లో వాయుసేన భర్తీ అని ఎవరో చెబితే పోయి నిలబడి, విమానం ఎక్కే నౌకరీ అనుకుని విమానం కిందికి చేరాను. ఊళ్లో మాత్రం నన్ను కన్న అవ్వ నేనే విమానం నడుపుతున్నానని చెప్పుకునేది, నేనూ చాలాకాలం ఆ మాట కాదనలేదు.

నాకు అప్పజెప్పింది కుర్చీ పని. యుద్ధ విమానంలో పైలట్ కూర్చునే కుర్చీ కింద మందుగుండు ఉంటుంది. ఇక విమానం దక్కదనుకున్నప్పుడు ఆయన ఒక పిడి లాగితే కుర్చీతో సహా బయటికి ఎగిరిపోయి పారాచూట్ గొడుగు మీద నేలకు దిగుతాడు. నేల మీద ఉన్నప్పుడు పొరపాటున అది పేలకుండా దానికి పిన్నులు గుచ్చి ఉంటాయి, కనబడాలని ఒక్కోదానికి ఎర్ర పట్టీ వేలాడుతుంది. పొద్దున్నే పైలట్‌ను కూర్చోబెట్టి, భుజాల మీద బెల్టులు బిగించి, ఆ పిన్నులు ఒక్కొక్కటే తీసి ఆయన కళ్లముందు పట్టి చూపించి, సంచిలో వేసుకుని దిగడం నా పని. ఆయన పిన్నులు చూసి బొటనవేలు లేపేవాడు. ఇంజను వాళ్లు, వైర్‌లెస్ వాళ్లు, ఆయుధాల వాళ్లు ఎవరి మాట వాళ్లు చెప్పాక, నా మాటతో కలిపి, విమానం యుద్ధానికి సిద్ధం అనేవారు. ఆ మాట ఆ ఒక్క పూటకే చెల్లేది, మరునాడు మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే.

నేను ఎక్కువగా కూర్చోబెట్టిన పైలట్ ఉత్తరాది పిల్లవాడు, నా ఈడువాడే. ఒకరోజు పొద్దున్నే ఆయన వెళ్లాడు. విమానం ఎడారిలో కూలింది. కుర్చీ బయటికి రాలేదు.

గంట గడవకముందే మా గదులకు సీలు వేశారు, పనిముట్లు గుంజుకున్నారు, ఆ పొద్దున విమానాన్ని ముట్టుకున్న వాళ్లందరినీ విడివిడిగా కూర్చోబెట్టారు. నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, మార్చి మార్చి అడిగారు. పిన్నులు తీశావా? తీశాను. చూపించావా? చూపించాను. చూపించినట్టు గుర్తుందా? జవాబుగా సంచి చూపించాను. సంచి విప్పితే పిన్నులన్నీ ఉన్నాయి, ఒక్కటీ తక్కువ లేదు, వాళ్లే చూసి ఒప్పుకున్నారు. అయినా నాకు ఆ పొద్దు గుర్తుకు రాలేదు. ముందటి రోజుదీ కాదు, అంతకు ముందటిదీ కాదు, అదే పొద్దు ఏదని వెతికితే అన్ని పొద్దులూ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. సంచిలో ఉన్న పిన్నులు వేరే విమానానివేమో, నా కళ్లే నన్ను మోసం చేస్తున్నాయేమో అని రాత్రింబవళ్లు కుమిలిపోయాను. చచ్చిపోదామని కూడా అనుకున్నాను, దాచడం దేనికి.

విచారణ నడుస్తుండగానే నన్ను సెలవు మీద ఇంటికి పంపారు. ఇంటికాడ నేను మనిషిలా లేను. బాపు బండి కట్టి చేనుకు పోతుంటే మధ్యలో ఆపించి, దిగి, చక్రం ఊడకుండా ఇరుసుకు పెట్టిన శీల చేత్తో తడిమి చూసేవాణ్ణి. ఎక్కి కూర్చుని నాలుగు బారలు పోయామో లేదో మళ్లీ దిగేవాణ్ణి. ఎడ్లకు కూడా విసుగొచ్చింది. అవ్వ ఏడ్చింది. "పోరనికి ఏదో గాలి సోకింది, కొండగట్టుకు తీస్కపోదాం" అని పట్టుబట్టింది. మనసు చెదిరినవాళ్లను ఆ అంజన్న దగ్గర కొన్నాళ్లు ఉంచడం మా వైపు ఆనవాయితీ. తడిబట్టలతో గుడి చుట్టూ తిరిగాను. నా పక్కనే ఒక తల్లి తన పెద్దకొడుకును నడుముకు తాడు కట్టి నడిపిస్తుంటే, నాకూ ఆ తాడుకూ ఎంత దూరం ఉందో నాకే తెలియలేదు.

అక్కడ మెట్ల మీద కూర్చున్నప్పుడు బాపు మొదటిసారి నోరు విప్పాడు. "తప్పిన్నాడే యాదికుంటది బిడ్డా. సక్కగ చేసిన్నాడు ఎవనికి యాదికుంటది? నిన్న నాగలి ఎట్ల పట్టిన్నో నాకు ఎర్కనా?" అన్నాడు. ఆ మాట మీదే నేను తిరిగి నౌకరీకి పోగలిగాను.

పోయాక కొన్నాళ్లకు పెద్ద సారు పిలిచి, కుర్చీ బాగానే ఉందని, ఆయన పిడి లాగనేలేదని, ఎందుకు లాగలేదో ఎవరూ చెప్పలేరని చెప్పాడు. నా తప్పు లేదు. గది బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను, సంతోషంతోనే ఏడ్చాను. ఒక మనిషి పోయాడు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది, ఆ రాత్రి కడుపునిండా తిన్నాను కూడా.

అది జరిగిన వారానికే ఆ పైలట్ తల్లి, కొడుకు పెట్టె, బట్టలు తీసుకుపోవడానికి వచ్చింది. కొడుకును చివరగా ముట్టుకున్న మనిషిని చూస్తానందట. నన్ను పిలిచారు. పిన్నుల సంగతి అడుగుతుందేమోనని గుక్కతిప్పుకోకుండా జవాబు చెప్పడానికి తయారై పోయాను. ఆమె అడగలేదు. ఆ పొద్దున వాడి ముఖం ఎట్లా ఉంది, నిద్ర చాలనట్టు ఉన్నాడా, నవ్వాడా, ఏమైనా అన్నాడా అని హిందీలో మెల్లగా అడిగింది. ఇంకో రోజు చూసిన నవ్వు తీసి, ఆ పొద్దుదేనని ఆమె చేతిలో పెట్టొచ్చు, ఆమెకు తెలియదు. నాకు మనసొప్పలేదు. గుర్తులేదమ్మా అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని, ఆలోచించు బేటా, ఒక్క మాటైనా చాలు అంది. రైలు వేళ దాకా బయట బెంచీ మీదే కూర్చుంది. పోయేముందు మళ్లీ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

ఇప్పటి విమానాలు తమ ఒంట్లో ఏ మర ఎట్లా ఉందో తామే చెబుతాయట, ఎగిరిన ప్రతి క్షణం దాచి పెట్టుకుంటాయట. మంచిదే, నా వంటివాడు పరేషాన్ కానక్కరలేదు. మా కాలంలో అది కళ్లతో చేసే పని, ఆ కళ్లు పిన్నుల మీద పెట్టమన్నారు, పెట్టాను. వాటికి అటువైపు ఒక ముఖం ఉందని ఎవరూ చెప్పలేదు. నౌకరీ ముగిసి, అవ్వ బాపూ పోయి, నేనూ ముసలివాణ్ణయ్యాను. ఇవాళ్టికీ పొద్దున మెలకువ రాగానే ఆ ముఖాన్ని వెతుకుతూ కాసేపు పడుకునే ఉంటాను. ఎప్పుడైనా దొరికితే చెప్పడానికి ఆ తల్లిది ఏ ఊరో కూడా నేను అడిగి పెట్టుకోలేదు.