పక్కింటి అక్క గొంతులో గొట్టం

నా చిన్నప్పుడు మద్రాసు పురసవాక్కంలో మా పక్కింటి అక్క సినిమా పాటల్లో కోరస్ పాడేది. గుంపులో పాడినా సరే, తన గొంతంటే ఆమెకు ప్రాణం. రికార్డింగు ఉందంటే ముందురోజు నుంచే పెరుగు ముట్టేది కాదు. అక్కడి ఎండల్లో కూడా మెడకు మఫ్లరు చుట్టుకుని తిరుగుతుంటే మేమంతా నవ్వేవాళ్ళం. అలాంటి మనిషికి, కడుపునొప్పి ఎంతకీ తగ్గడం లేదని, నోట్లోంచి గొట్టం వేసి లోపల చూడాలన్నారు. అది రాసుకుని గొంతు పోతే ఇక తన బతుకేమిటని అక్క ఒకటే ఏడుపు.

ఆసుపత్రికి తోడుగా వెళ్తూ మా అమ్మ నన్నూ తీసుకెళ్ళింది. బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్న అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పోనీ ఉండనీమంది డాక్టరమ్మ. ఆవిడ తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగింటి ఆడపడుచు. గొంతు మొద్దుబారే మందు కొడుతుంటే, "భయపడకూడదు, భయపడకూడదు" అని అక్క గొణుక్కుంటూ వణికిపోతోంది.

"భయం ఉంటే ఉండనీమ్మా, దాన్ని తరమబాకు. ఆడ ఒక పక్కన పడుంటాది. పాటకు ముందర ఊపిరి ఎట్లా తీస్తావో, అట్లా ముక్కుతో తీస్తా ఉండు, సరియా?" అంది డాక్టరమ్మ.

గొట్టం దిగుతుంటే అక్కకు డోకొచ్చింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. నా చేతిలో ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది. ఊపిరి మాత్రం నిదానంగా, ఒక్క తీరున సాగింది. అబ్బ! అంత భయమూ అంత నిబ్బరమూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయో నాకు అంతుబట్టలేదు.

"చూస్తావా పాపా?" అని డాక్టరమ్మ గొట్టం బయటి చివరనున్న అద్దాన్ని నా కంటికి ఆనించింది. లోపలంతా గులాబిరంగు, తడితడిగా మెరుస్తూ, అక్క ఊపిరికి మెల్లగా కదులుతోంది. మనందరి లోపలా ఇంత అందం ఉందా అని నోరు తెరుచుకుని ఉండిపోయాను. దణ్ణం పెట్టాలనిపించింది.

చిన్న పుండేననీ, మందులతో మానిపోతుందనీ చెప్పారు. కానీ గొట్టం తీశాక అక్క నోరు విప్పలేదు. వరండా బల్ల మీద మెడ పట్టుకుని కూర్చుంది. గొంతు పోయిందా అని అమ్మ చెవిలో అడిగాను. చాలాసేపటికి అక్క ఊపిరి తీసుకుని, వినీ వినపడకుండా 'స' అంది. సన్నగా, వణుకుతూనే, శ్రుతి తప్పకుండా పలికింది. మా అమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది.

ఇప్పుడు నేను ముసలిదాన్నయ్యాను. మొన్న నాకూ అదే పరీక్ష చేయబోతుంటే, భయపడొద్దు మామ్మగారూ అంది నర్సమ్మాయి. నేను ముక్కుతో ఒక ఊపిరి తీసి, "భయపడుతూనే ఉంటానమ్మా, మీ పని మీరు కానివ్వండి" అన్నాను.