తాడు పట్టుకుని నందిగామ దాకా

అరవైల మొదట్లో, మా పెళ్ళయిన రెండో ఏడు, నాకు నందిగామ హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు మా పుట్టింటి చిరునామాకి వెళ్ళి, అక్కణ్ణుంచి జగ్గయ్యపేటలో మా అత్తవారింటికి వచ్చేసరికి గడువు ఒక్కరోజే మిగిలింది. మర్నాడు సాయంత్రం అయిదులోపు వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టాలి. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

మావారు పనిమీద గుడివాడ వెళ్ళి ఉన్నారు. నేను ఉద్యోగం చెయ్యడం అత్తగారికి బొత్తిగా ఇష్టం లేదు. మామగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆయన అసలే తక్కువ మాట్లాడే మనిషి. కోడలితో అయితే మరీను. నాకేదైనా చెప్పాల్సి వస్తే అత్తగారితో చెప్పించేవారు.

పొద్దున్నే పరుపుచుట్ట, ట్రంకుపెట్టె, సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని బస్సు కోసం వెళ్ళాను. పదకొండు దాటినా బస్సు రాలేదు. దారిలో ఎక్కడో పాడై ఆగిపోయిందన్నారు. రిక్షాలో ఇంటికి తిరిగొచ్చాను.

“రాకపోవడమే మంచిదైందిలే. కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువుగాని,” అన్నారు అత్తగారు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపల భోంచేస్తున్న మామగారు గబగబా ముగించి, చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ ఏమీ అనకుండా పెరటివైపు వెళ్ళారు. కాసేపటికి కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అది ఒక జమీందారు వదిలించుకుంటుంటే మామగారు కొన్న పాత సీమకారు, ఇంగ్లండులో తయారైంది. బానెట్టు రెండు పక్కలకీ రెక్కల్లా తెరుచుకునేది. ముందు అద్దాన్ని కిందనుంచి బయటికి తోస్తే తెరుచుకునేది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తప్ప ఆయన దాన్ని రోడ్డెక్కించేవారు కాదు. నా సామాను ఆయనే ఎత్తి లోపల పెట్టారు. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డెక్కి మూడు నాలుగు మైళ్ళు పోయాం. ఎదురుగా పొలాలకి ఎరువు తోలే బళ్ళు వరసగా వస్తున్నాయి. ఆయన యాక్సిలేటరు మీంచి కాలు తీశారు. కారు మాత్రం తగ్గలేదు. ఇంజను గీపెడుతూ ముందుకి దూకింది. నేను ముందు సీటు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆయన తాళంచెవి తిప్పి ఇంజను ఆపేసి, బ్రేకు తొక్కి, కారుని రోడ్డు దింపారు. కళ్ళు తెరిచేసరికి మొదటి బండి ఎద్దులు నా కిటికీకి జానెడు దూరంలోంచి వెళ్తున్నాయి.

బానెట్టు ఎత్తి చూస్తే సంగతి తెలిసింది. కాలు తీయగానే యాక్సిలేటరుని వెనక్కి లాగే చిన్న స్ప్రింగు తెగిపోయింది. సగం ముక్క వేలాడుతోంది, మిగతా సగం ఎక్కడ పడిందో తెలీదు. మామగారు మెకానిక్కు కాకపోయినా, బావి దగ్గర ఆయిలింజనుతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన మనిషి. ఉన్న ముక్క చివర కటింగ్ ప్లేయరుతో వంచి కొక్కెంలా చేసి తగిలించారు. అందలేదు. సాగదీసేసరికి టప్పుమని మళ్ళీ తెగింది.

అప్పుడే కోదాడ వైపు సైకిలు మీద వెళ్తున్నాయన ఒకరు దిగి తొంగిచూశారు.

“నా తాన పాత ట్యూబు ముక్క ఉంది, పనికొస్తదా?” అన్నారు.

మామగారు ఆ ట్యూబుని సన్నగా చీల్చి, స్ప్రింగు ఉండే చోట బిగించి కట్టారు. అది బ్రహ్మాండంగా పనిచేసింది. రెండు మైళ్ళ దాకానే. ఇంజను వేడికి రబ్బరు మెత్తబడి, వాసనొచ్చి, జారిపోయింది. మళ్ళీ ఆగాం. మూడు దాటింది. నెత్తిమీద ఎండ మాడ్చేస్తోంది. లారీ వస్తే ఎక్కేద్దామని చెయ్యెత్తాను గానీ, వచ్చిన రెండూ ఆగలేదు.

మామగారు ముఖం తుడుచుకున్నారు. “వెనక్కి పోదామా, అమ్మాయ్?” అన్నారు. నాతో ఆయన నేరుగా అన్న మొదటి మాటలవి.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వెనక్కి తిప్పేస్తారని భయమేసి దిగమింగుకున్నాను.

“మీరు వెళ్ళండి మామయ్యగారూ. నేను నడిచయినా పోతానండి,” అని సర్టిఫికెట్ల సంచీ చేతిలోకి తీసుకున్నాను.

ఆయన నా వంకా, రోడ్డు వంకా చూశారు. “ఆ పరుపుచుట్ట తాడు విప్పు,” అన్నారు.

కార్బురేటరు దగ్గర స్ప్రింగు లాగాల్సిన కడ్డీకి ఆ నులకతాడు ముడేసి, బానెట్టు సందులోంచి తీసి, తెరిచిన అద్దం కిందుగా లోపలికి తెచ్చారు. నన్ను ముందు సీట్లోకి రమ్మన్నారు.

“నే కాలు తీస్తున్నా అనగానే నువ్వు లాగాలి. తొక్కుతున్నా అంటే వదలాలి. మరీ లాగితే ఇంజను ఆగిపోద్ది. ఏం?”

“అలాగేనండి.”

మొదట గట్టిగా లాగేసి రెండుసార్లు ఇంజను ఆపేశాను. మూడోసారి ఆలస్యంగా లాగితే కారు ఉరికింది. “బెదరమాకు,” అన్నారు ఆయన. తాడుని మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుని, ఆయన కాలి వంకే చూస్తూ కూర్చున్నాను. అలా ఒక మైలు పోయేసరికి చేతికి పట్టు దొరికింది. తర్వాత ఆయన చెప్పకుండానే, మోకాలు కిందికి దిగగానే వదులుతున్నాను, పైకి లేవగానే లాగుతున్నాను. తాడు రాపిడికి అరచెయ్యి మండిపోతోంది. చెయ్యి మార్చుకోవడానికి ధైర్యం చాల్లేదు.

కొంతదూరం పోయాక ఆయనే అన్నారు: “నాకిష్టమై తీసుకెళ్తున్నాననుకోమాక. సంబంధం మాట్లాడినప్పుడు మీ నాన్న ఒక్కటే అడిగాడు, పిల్లకి ఉద్యోగమొస్తే ఆపొద్దని. సరేనన్నా. అన్నాక తప్పుద్దా?”

ఆ సంగతి మా నాన్న నాకెప్పుడూ చెప్పలేదు. ఎదురొస్తున్న మలుపు చూసి తాడు లాగాను.

బడి ముందు ఆగేసరికి పిల్లలందరూ వెళ్ళిపోయారు. గుమస్తా ఆఫీసు గది తలుపులు మూస్తున్నాడు. హెడ్మాస్టరుగారు గోడ గడియారం చూశారు. అయిదుకి ఇంకా పది నిమిషాలుంది. చెమటకి అంటుకుపోయిన నా జుట్టూ, గ్రీజు అంటి నల్లబడ్డ చేతులూ చూసి, “ముందు చేతులు కడుక్కోండమ్మా,” అన్నారు.

“సంతకం పెట్టాక కడుక్కుంటానండి,” అన్నాను. ఆయన నవ్వి రిజిస్టరు నా ముందుకి జరిపారు. వేళ్ళు బిగుసుకుపోయి కలం నిలవలేదు. రెండు చేతులతో పట్టుకుని సంతకం చేశాను.

నేను లోపల ఉండగానే మామగారు బజారుకి నడిచి వెళ్ళి, మెకానిక్కుని పిలుచుకొచ్చి కొత్త స్ప్రింగు వేయించారు. హెడ్మాస్టరుగారు నాకోసం చూపించిన అద్దె గది చూసి, తలుపు గడియ పడుతోందో లేదో రెండుసార్లు వేసి చూశారు. “పడుతోంది,” అని కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ బడిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. నేను ఉద్యోగం చెయ్యడం తనకి నచ్చిందని మామగారు ఒక్కరోజు కూడా అనలేదు. వద్దనీ అనలేదు.

ఉద్యోగంలో చేరిన ఆ వారం, శనివారంనాడు ఇంటికెళ్తే వంటింట్లోంచే అత్తగారు, “ఏదీ, ఆ చెయ్యి ఇటు చూపించు,” అన్నారు. నేను చెప్పకుండానే ఆవిడకి అంతా తెలుసు. పీట వాల్చి కూర్చోబెట్టి, పొక్కిన అరచేతికి వెన్న రాస్తూ, “బళ్ళో పిల్లలు మాట వింటున్నారా?” అని అడిగారు.