అంకుల్ అడిగిన ఒక్క గడి

టైర్ల అంకుల్ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి, "బేటీ, అంకుల్ ఇక లేరు" అని ఒక్క మాట అన్నారు. సింగపూర్‌లో నేనుండే యూ టీ నుంచి బుకిట్ బటోక్‌లోని వాళ్ళ ఫ్లాటుకు చేరేసరికే ఖననానికి తీసుకెళ్ళిపోయారు. కడసారి చూపు దక్కలేదు. దక్కలేదని బాధపడే హక్కు కూడా నాకు లేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఐటీ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజుల్లో నేను రాజమండ్రి నుంచి ఇక్కడికొచ్చాను. జురాంగ్ ఐలాండ్ ప్లాంట్లకు కార్మికులను చేరవేసే ఒక బస్సుల కంపెనీలో ప్రోగ్రామర్‌ని. వర్క్‌షాపు రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. అక్కడ టైర్ల విభాగానికి పెద్ద ఈ అంకులే. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నేను పుట్టకముందే సింగపూర్ వచ్చి స్థిరపడ్డవారు. అప్పట్లో మాదీ ఆయనదీ ఒకే బ్లాకు. అందుకని మొదటి రోజు నుంచే బేటీనైపోయాను.

మధ్యాహ్నం భోజనానికి హాకర్ సెంటర్‌కి వెళ్తే అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల 'చోప్' చేసేవారు, అంటే ఇది మాదని ఆపుకునేవారు. అంకుల్ మాత్రం టైర్లు కొలిచే తన ఉక్కు టేపు పెట్టేవారు. దానికంటిన మసి చూసి ఆ బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. "మన సీటు అల్లా కూడా తియ్యడు" అని నవ్వి, వెంటనే "తోబా, తోబా" అని చెంపలేసుకునేవారు.

బస్సుకు వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లు అంటుకున్నట్టుగా ఉంటాయి. వాటిలో ఒకటి పాడైతే దాని స్థానంలో ఏది వెయ్యాలన్నదే ఆయన విద్య. రెండు టైర్లలోనూ గాలి సమంగా నింపి, ఒక్కోదాని చుట్టూ టేపు చుట్టి, కొలతను సుద్దతో టైరు మీదే రాసేవారు. నేను సైజు నంబరు చూసి, "రెండూ ఒకటే కదా అంకుల్" అన్నాను. నా చేతికి టేపు ఇచ్చి నాతోనే కొలిపించారు. తేడా వచ్చింది.

"చూసినవా బేటీ? నంబర్ ఒకటే. కానీ ఇది అరిగింది, అది కొత్తది. కొత్తది లావుగుంటది, బరువంతా అదే మోస్తది. వేడెక్కి పల్గుతది. అది పోయినంక ఇది ఒక్కటే ఎంతసేపు ఆపుతది?"

సాయంత్రం బస్సులు తిరిగిరాగానే వెనక టైర్లకు చేతి వెనకవైపు ఆనించి చూసేవారు. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే ఆ జత విప్పాల్సిందే. "నంబర్ అబద్ధం చెప్తది, వేడి చెప్పది" అనేవారు.

నా ప్రోగ్రాములో సైజు నంబరు, తయారీ కంపెనీ పేరు కలిస్తే చాలు, తెర మీద పచ్చరంగు వచ్చి 'జత సరే' అనేది. అంకుల్ అది చూసి, "చుట్టుకొలతకు ఒక గడి పెట్టు బేటీ" అన్నారు. ప్రోగ్రాము మొదలుపెట్టాల్సిన తేదీ నెత్తి మీదుంది. "నెక్స్ట్ వెర్షన్లో పెడతానంకుల్" అన్నాను. మా వృత్తిలో అందరం అనే మాటే. పని ఎగ్గొట్టడానికి అంతకన్నా మర్యాదైన మాట మాకు దొరకలేదు. పైనుంచి ఉత్తర్వు కూడా వచ్చింది: ఇక సుద్దరాతలు వద్దు, కంప్యూటర్ చెప్పినట్టే బిగించాలి.

నెల తిరక్కముందే తమ్ముడు పోయాడని అంకుల్ హైదరాబాద్ వెళ్ళారు. ఆయన లేని ఆ రెండు వారాల్లో ఒక మెకానిక్ అరిగిన టైరు పక్కన కొత్తది బిగించాడు. తెర పచ్చగానే ఉంది. నాలుగో రోజు ప్లాంటు నుంచి తిరిగొస్తుంటే కొత్త టైరు పేలింది, ఆ వెంటనే రెండోదీ పేలింది. బస్సు రోడ్డు పక్క కమ్మీలను గుద్దుకుని ఒరిగింది. వెనక సీట్లో కూర్చున్న శ్రీకాకుళం పైప్ ఫిట్టర్ మూడు రోజులు కొట్టుమిట్టాడి చనిపోయాడు. రోజూ నన్ను "అక్కా" అని పలకరించే మనిషి.

అంకుల్ తిరిగొచ్చాక విచారణ పెట్టారు. చుట్టుకొలత సంగతి ప్రోగ్రాము రాసినవాళ్ళకు చెప్పారా అని ఆయన్ని అడిగారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. అప్పటికి ఐటీ కంపెనీలు మూతపడుతున్నాయి. మా ఆయన ఉద్యోగం పోయింది, ఇద్దరం నా వర్క్ పాస్ మీదే ఈ దేశంలో ఉన్నాం. అంకుల్ నా వైపు చూడలేదు.

"చెప్పలేదు సార్. మర్చిపోయిన" అన్నారు.

నేను నోరు విప్పలేదు.

ఆ వారమే ఆయన్ని తీసేశారు. లిఫ్టు దగ్గర ఏడవబోతుంటే నన్ను ఆపి, "నన్ను ఈ దేశంల నుంచి ఎవరూ పంపరు. నిన్ను పంపుతరు. పో, ఆ గడి పెట్టు ముందు" అన్నారు. అదే రోజు పెట్టాను. పది నిమిషాల పని. ఆ తర్వాత ఏ వర్క్‌షాపూ ఆయన్ని పిలవలేదు. మనిషిని చంపిన టైర్ల మేస్త్రీ అన్న పేరు ఈ చిన్న ఊళ్ళో ఆయనకంటే ముందే నడిచేది. ఒక గోడౌన్ కాపలాకు కుదురుకున్నారు.

శుక్రవారం ఆంటీ పక్కన కూర్చుని ఇదంతా చెప్పేశాను. ఇన్నేళ్ళకు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి వదలకుండానే అన్నారు.

"నాకు ఎరుకే బేటీ. ప్రతి ఈద్‌కు నువ్వొస్తే మీ అంకుల్ నన్ను వంటింట్లకు పొమ్మంటుండె. బేటీ ఏదో చెప్పాలనుకుంటున్నది, నీ ముందర చెప్పలేకపోతున్నది అంటుండె. నువ్వు పోయినంక, చెప్పిందా అని నేను అడుగుతుంటి. ఇంకో ఈద్‌కు చెప్తది అంటుండె."

ప్రతి ఈద్‌కూ నేను ఆ సోఫాలో కూర్చుని సేమ్యా తినేదాన్ని. షుగర్ ఎంతుందంకుల్ అని అడిగేదాన్ని. టైము చూసుకుని లేచేదాన్ని. ఆయన టీవీ గొంతు తగ్గించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా ఎదురుగా ఊరికే కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పులున్నా లిఫ్టు దాకా వచ్చేవారు. నేను లోపలికెళ్ళి మీట నొక్కాక, తలుపులు పూర్తిగా మూసుకునేదాకా ఆయన నా ముఖంలోకి చూస్తూ అక్కడే నిలబడేవారు.