అక్షరాలు రాలే వేగం

అది 2023 వేసవి. ఏలూరులో నేను కంప్యూటర్ సర్వీసు షాపు పెట్టి అప్పటికి పదహారేళ్లు. ముదినేపల్లి నుంచి కమల గారని ఒకావిడ ఫోన్ చేశారు. "మా అక్క కంప్యూటర్ ఉందండీ, ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నారు. కొని ఆరు నెలలే అయిందట. ఎందుకిచ్చేస్తున్నారని అడిగితే, "అక్క దాని మొహం చూడడం లేదండీ" అన్నారు.

కొల్లేరు మీదుగా, చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోయే రోడ్డు మీద వెళ్లాను. ఇంట్లో అక్కగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. వరలక్ష్మి గారు! ఏలూరులో ముప్పయ్యేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. నేను ఆవిడ దగ్గర నేర్చుకోలేదు గానీ, మా ఊరి ఆఫీసుల్లో ఆవిడ పేరు తెలియని పాతతరం గుమాస్తా ఉండడు. ఏడాది కిందట పక్షవాతం వచ్చిందట. మాట తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం స్వాధీనంలో లేవు.

ఫిజియోథెరపిస్టు వేళ్లకు పని చెప్పమన్నాడు. అందుకు ఆవిడ కోరింది ఒకే ఒక్క ఆట. తొంభైల్లో ఇన్‌స్టిట్యూట్‌కి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆవిడ శిష్యుడొకడు రాసిచ్చిన టైపింగ్ గేమ్ అది. పైనుంచి అక్షరాలు రాలుతుంటాయి, కింద పడేలోగా ఆ కీ నొక్కాలి. అంత పాత గేమ్ ఇప్పటి కంప్యూటర్లలో నేరుగా నడవదు. ఎమ్యులేటర్ కావాలి. అంటే కొత్త మెషీన్ లోపల పాత మెషీన్‌లా పనిచేసే ప్రోగ్రామ్. కంప్యూటర్ అమ్మిన షాపాయన దాన్ని వేసి, ఆవిడ దాచుకున్న సీడీలోని గేమ్ ఎక్కించి వెళ్లిపోయాడు.

"మరి ఆడటం మానేశారేమండీ?" అన్నాను.

వరలక్ష్మి గారు తల తిప్పుకున్నారు. కమల గారే చెప్పారు. "రెండు నెలలు ప్రయత్నించినా ఒక్క అక్షరం కూడా అందలేదండీ. ఆయనకి ఫోన్ చేస్తే, 'గేమ్ బాగానే ఉందండీ, మేడమ్ గారి చేతిలోనే స్పీడు లేదు' అన్నాడు. ఆ రోజు నుంచి అక్క బంతి నొక్కే వ్యాయామం కూడా మానేసింది. నాలుగు నెలలైంది."

గేమ్ ఆన్ చేశాను. బస్తా మూతి విప్పినట్టు అక్షరాలు జలజలా రాలిపోయాయి. మధ్యలో ఒక క్షణం బిగుసుకుని మళ్లీ దూకాయి. రెండు చేతులూ బాగున్న నాకే ఒక్కటీ అందలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆ కాలపు ఆటలు చాలావాటికి సొంత వేగం ఉండదు. మెషీన్ ఎంత వేగంగా ఉంటే అవీ అంత వేగంగా పరిగెడతాయి. అందుకే ఎమ్యులేటర్‌లో సైకిల్స్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. లోపలి పాత మెషీన్ ఎంత వేగంగా నడవాలో చెప్పే అంకె అది. ఆ మహానుభావుడు దాన్ని మ్యాగ్జిమమ్‌లో వదిలేశాడు. రెండు కీలు నొక్కితే తగ్గిపోయేదానికి ఓపిక లేక, ఒక మనిషి చెయ్యి పనికిరాదని తేల్చేశాడు!

"తప్పు మీ చేతిది కాదు టీచర్ గారూ, మెషీన్‌ది" అన్నాను.

"నన్ను ఊరడించకమ్మా."

"ఊరడింపు కాదండీ. అప్పట్లో ఒక అక్షరం కిందికి రావడానికి ఎంతసేపు పట్టేదో మీరే చెప్పండి."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఎడమచేత్తో బల్ల మీద ఎనిమిది దెబ్బలు కొట్టారు, టైపు కొట్టే లయలోనే. "ఇంతసేపు" అన్నారు.

సైకిల్స్‌ని ఒక అంకె దగ్గర స్థిరంగా బిగించాను. బిగుసుకోవడం ఆగింది. తర్వాత కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాను. "ఇంకా తొందరగా ఉంది." "ఇప్పుడు మరీ ఈడుస్తోంది." ఏడెనిమిది సార్లు మార్చాక ఎనిమిదో దెబ్బా, అక్షరం కింద పడటమూ ఒక్కసారే జరిగాయి.

"ఇదే" అంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

కానీ కుడిచేతికి అక్షరాలు అందలేదు. ఒకటి, రెండు, పది పోయాయి. చూడలేక, ఇంకాస్త తగ్గిద్దామని కీబోర్డు దగ్గరికి చెయ్యి చాపాను.

"ముట్టుకోకు!" అని గద్దించారు. "ఆయన నాకు చెప్పకుండా వేగం పెంచి వెళ్లాడు. నువ్వు జాలిపడి తగ్గిస్తావా? నా చెయ్యి ఎంతవరకు వచ్చిందో నాకు నిజం తెలియాలి."

సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ పూట ఆవిడ కుడిచేత్తో మూడు అక్షరాలు పట్టారు. మూడోసారి నవ్వారు. వెంటనే, "నాలుగు నెలలు ఊరికే పోయాయి కమలా" అంటూ ఏడ్చారు.

నేను వీధిలోకి వచ్చి ఆ షాపాయనకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, వచ్చి ఆవిడకి క్షమాపణ చెప్పమన్నాను. "పాత ఆటే కదండీ, దానికింత గొడవెందుకు?" అన్నాడు. ఆ వీధిలో నేను ఎంత గట్టిగా అరిచానో కమల గారు ఇప్పటికీ చెబుతుంటారు. అతను రాలేదు. కంప్యూటర్ మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

వరలక్ష్మి గారి చూపుడు వేలు, మధ్య వేలు బాగా తిరిగాయి. చిటికెన వేలు ఇప్పటికీ లేవదు. మొదటి ఏడాదిలో చేసిన వ్యాయామమే ఎక్కువ పనిచేస్తుందని ఫిజియోథెరపిస్టు చెప్పాక, ఆ వేలు చూసినప్పుడల్లా నాకు ఆ ఫోన్‌లో విన్న గొంతే గుర్తొస్తుంది.

"నాకు చేతకావడం లేదండీ" అని ఎవరైనా నా షాపుకొస్తే, మెషీన్ ముందు ముందుగా నేనే కూర్చుంటాను. నాకు అయ్యేదాకా వాళ్ల చేతుల గురించి ఒక్క మాట మాట్లాడను. అయ్యాక కూడా, ఎంత వేగం పెట్టాలో వాళ్లనే అడుగుతాను.