నేను చేయని ఒప్పుకోలు

దయ్యాలను నేను నమ్మను. పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో బాప్తిస్మం తీసుకున్న ఇల్లు మాది. ఆ మాట ఎత్తితేనే మా మామ కోప్పడేవాడు. కాబట్టి ఇది దయ్యం సంగతి అనుకోవద్దు. నా సిగ్గుమాలిన పని సంగతి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు మా పెద్దబిడ్డకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవడం లేదు. ప్రార్థనలు చేయిస్తూనే ఉన్నాం గానీ నాకు ధైర్యం చాలలేదు. అందరూ పొలాలకు పోయిన మధ్యాహ్నం, చెంబులో పసుపునీళ్లు, వేపమండలు పట్టుకుపోయి పోచమ్మ గుడి ముందు ఆ నీళ్లు సాక పోసి, మొక్కి వచ్చాను. ఎవరైనా చూస్తే నన్ను గుర్తుపట్టకూడదని, దండెం మీద ఆరేసిన నా తోటికోడలు రత్నమ్మ ఆకుపచ్చ చీర కట్టి, ముసుగేసుకుని పోయాను. తెలిసే కట్టుకున్నాను.

చూసినవాళ్లు చీరను బట్టి రత్నమ్మే అన్నారు. సంఘపెద్దలు ఆమెను, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నుంచి తీసేశారు. "నేను పోలే, దేవునితోడు" అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను.

బిడ్డ బతికింది. ఏడాదిపాటు రొట్టె పంచే వేళ రత్నమ్మ తలుపు దగ్గర తల వంచుకుని కూర్చునేది. నేను ముందు వరుసలో చేయి చాపేదాన్ని.

తర్వాత ఒకసారి మంచిర్యాలలో మా తల్లిగారింటికి పోయి నాలుగు రోజులున్నాను. తిరిగొచ్చిన ఆదివారం పొద్దున రత్నమ్మ ఎదురొచ్చి నా రెండు చేతులు పట్టుకుంది.

"మొన్న శుక్రారం నువ్వు అందరి ముంగట ఒప్పుకున్నంక నా పానం నిమ్మలమైంది అక్కా. ఏడుపుకు అప్పుడు మాట రాలే. నా కడుపుల ఏం లేదిగ" అన్నది.

ఉపవాస ప్రార్థనకని మంచిర్యాల నుంచి వచ్చి, నేను అందులో లేచి నిలబడి, వేపమండల నుంచి చీర దాకా అంతా చెప్పానట. ఆమె కాళ్లు పట్టుకున్నానట. పాస్టరు అయ్యగారు నా తల మీద చేయి పెట్టి ప్రార్థించారట, అది కాగానే నేను మళ్లీ మంచిర్యాల పోయానట. ఆడవాళ్లందరూ అదే చెప్పారు. చీర సంగతి నేను నా భర్తకు కూడా చెప్పలేదు. ఆ శుక్రవారం ఆ వేళకు గోదావరిలో మా అవ్వతో కలిసి బట్టలు ఉతుకుతున్నాను.

అది నేను కాదు అనాలి. అనలేదు. ఆ పూట ఇద్దరికీ రొట్టె ఇచ్చారు, తీసుకుని తిన్నాను. మొదటిది బిడ్డ కోసం చేశాననుకుందాం. ఇది ఎవరి కోసం? అందరూ మెచ్చుకుంటుంటే వింటూ ఊరుకున్నాను.

ఆర్నెల్లకు, ఇద్దరం కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నప్పుడు, ఆ రోజు నేను మంచిర్యాలలో ఉన్నానని రత్నమ్మకు చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. నా మొహంలోకి చూసింది.

"గిప్పుడు చెప్తున్నది నువ్వేనా అక్కా?"

"నేనే" అన్నాను.

"అయితే అంత మల్ల చెప్పు. నీ నోట ఇనాలె."

చెప్పాను. చీర తెలిసే కట్టుకున్నానని కూడా చెప్పాను. ఆమె ఓదార్చలేదు, చివరిదాకా విన్నది. ఆ తర్వాతే నా చేయి పట్టుకుంది.

ఆ శుక్రవారం నా మొహంతో వచ్చి నిలబడ్డది ఎవరో ఆమెకూ అంతుపట్టలేదు, నాకూ పట్టలేదు. ఎవరైతేనేం, నాకంటే నయం.