రెండో చరణం నుంచి మొదలయ్యే పాటల పుస్తకం

2008లో ఒరిస్సాలోని రాయగడ బజార్లో, మా వాళ్ల ఉల్లిపాయల గోడౌను పక్కగదిలో నేను డి.టి.పి. సెంటర్ నడిపేదాన్ని. కంప్యూటర్లో అక్షరాలు కూర్చి అచ్చుకి సిద్ధం చెయ్యడం ఆ పని. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే అబద్ధాలు. రాసిచ్చినవాళ్లు అడక్కపోయినా తప్పులు దిద్దేదాన్ని. అందుకే గిరాకీ తక్కువ, గౌరవం ఎక్కువ అనేవారు మా ఆయన. రెండోది నన్ను బుజ్జగించడానికి.

వానలు మొదలైన రోజుల్లో సుగుణమ్మ గారు వచ్చారు. లక్ష్మీపూర్ వైపు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా ఊరి తెలుగు చర్చిలో ఏళ్ల తరబడి పాటలెత్తేది ఆవిడే. సంచీలోంచి పలకలాంటిది తీసి బల్ల మీద పెట్టారు.

"ఏటమ్మీ, దీన్లోకి మా పాటల పుస్తకం ఎక్కించగలవా? మస్కట్ నుంచి మేనకోడలు తెచ్చింది. అచ్చు పుస్తకం నా కళ్లకి ఆనట్లేదు."

అది ఈ-రీడర్. పుస్తకాలు చదువుకోడానికే చేసిన యంత్రం. కుడి అంచున అంకెల మీటలు, కింద ఒక గుండ్రటి మీట.

"చదువుకోడానికా?"

"చదువుకోడానికైతే నీ దగ్గరికెందుకు? పాటలెత్తడానికి. చూపు పోయింది కదా, ఇక నేనెత్తుతానంటన్నాడు బెంజిమన్. కోతపండగ దాకా గడువిచ్చేడు."

బెంజిమన్ గారు చర్చి సెక్రటరీ. గొంతు పెద్దది. రాగం సంగతి ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు.

ఆ యంత్రానికి తెలుగు రాదు. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు చూపించింది. పి.డి.ఎఫ్. చేస్తే, అంటే పేజీని బొమ్మలా బిగించేస్తే, చూపిస్తుంది. వానాకాలమంతా పెద్దక్షరాల్లో పాటలు కొట్టాను. మెనూ కూడా శ్రద్ధగా కట్టాను. మెనూ అంటే హోటల్లోలాగే, లోపల ఏమేం ఉన్నాయో చూపించే వరస. స్తుతి, పశ్చాత్తాపం, వివాహం, సమాధి అని అచ్చు పుస్తకంలో ఉన్నట్టే విభాగాలు. విభాగం నొక్కితే పాటల జాబితా, పాట నొక్కితే పేజీ. బి.ఎస్సీ. చదివినందుకు ఈ మాత్రం పద్ధతి ఉండాలనుకున్నాను.

సుగుణమ్మ గారు నొక్కి చూశారు.

"మా చర్చిలో ఆరాధనకి ముందు ఎవరికి ఏ పాట కావాలంటే దాని నంబరు కూర్చున్న చోటి నుంచే అరుత్తారు. అరిసిన వెంటనే ఎత్తాల. ఆగండి నాయనా, ఇది పెళ్లి పాటో సావు పాటో ముందు సెప్పండని నేనడగాలా?"

"అచ్చు పుస్తకంలో అలాగే ఉందండీ!"

"ఉంటే? ఎవడు సూసేడు?"

గంటసేపు వాదించాను. ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు గానీ, ఇంటికెళ్లి మెనూ పీకేశాను. ఆ యంత్రంలో ఒక షార్ట్‌కట్ ఉంది. అంకెల మీటలతో పేజీ నంబరు కొట్టి గుండ్రటి మీట నొక్కితే, మెనూతో పనిలేకుండా సరాసరి ఆ పేజీ వస్తుంది. పాట నంబరూ పేజీ నంబరూ ఒకటే చేస్తే చాలు. అట్ట, ముందుమాట తీసేశాను. పాటకి ఒకే పేజీ. కానీ ఆవిడకి కనపడేంత పెద్దక్షరాల్లో పాట మొత్తం ఒక పేజీలో పట్టదు. అక్షరం తగ్గిస్తే కనపడదు, పేజీ పెంచితే నంబర్లు తప్పుతాయి.

"పల్లవీ మొదటి సరణం తీసిపారెయ్," అన్నారావిడ తాపీగా.

"పాట మొదలు తీసేస్తారా ఎవరైనా?"

"అది నిద్దర్లో లేపినా పాడతాను. రెండో సరణం కాడే అందరూ నీళ్లు నమిలేది. అక్కడ మాటందించాల."

తీసేశాను. అన్నీ సరిపోయాయి.

కోతపండగ నాడు నా పని ఎలా ఉందో చూద్దామని నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మందిరం నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. బెంజిమన్ గారు ముందు వరసలోంచి నంబరు వెనక నంబరు అరుస్తున్నారు. సుగుణమ్మ గారు మీటలు నొక్కడం, ఎత్తడం, ప్రతి చరణానికీ మాటందించడం. ఆ రకం తెర పేజీ మారేటప్పుడు ఒక్క క్షణం నల్లబడి తేరుకుంటుంది.

"ఆరిపోయిందక్కా!" అన్నారు బెంజిమన్ గారు సంబరంగా.

"రెప్పేసింది. నువ్వెయ్యవేటి?"

మందిరంలో నవ్వులు. ఆయనకి రోషం వచ్చింది. లేచి ముందుకొచ్చారు. "ఇందులో నీ గొప్పేముందక్కా? అంతా యంత్రం గొప్ప. అది చేతిలో ఉంటే ఎవరైనా ఎత్తొచ్చు. ఇటియ్యి."

ఆవిడ యంత్రాన్ని ఆయన చేతిలో పెట్టేశారు.

వెనకనుంచి ఎవరో నంబరు అరిచారు. ఆయన కొట్టారు. పేజీ వచ్చింది. గొంతు సవరించుకుని, తెర మీద ఉన్నదున్నట్టు ఎత్తారు. ఒక్కరూ అందుకోలేదు. సభంతా నోళ్లు తెరిచి చూస్తోంది. ఆయన యంత్రాన్ని తిరగేశారు, వెనక్కి నొక్కారు, అంతకు ముందు పాట రెండో చరణం వచ్చింది. ముప్పయ్యేళ్లుగా పుస్తకంలో తల దూర్చి పాడిన మనిషి, పల్లవి ఎప్పుడు నేర్చుకున్నారు గనక?

"అక్కా, దీన్లో పాటకి మొదలు లేదే?"

"అది యంత్రంలో ఉండదు తమ్ముడూ," అని ఆవిడ కళ్లు మూసుకుని పల్లవి అందుకున్నారు. సభ అందుకుంది. పాట అయ్యేలోగా యంత్రం ఆవిడ ఒళ్లోకి చేరింది. గడువు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచి ఎవరు మెనూ కట్టమన్నా, అందులో ఏం పెట్టాలని అడిగే ముందు వాళ్లకి ఏమేం ముందే నోటికి వచ్చో అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు. బెంజిమన్ గారు నొచ్చుకోలేదు. మరుసటి వారమే సెంటర్‌కి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, పల్లవులూ మొదటి చరణాలూ మాత్రమే ఉన్న పుస్తకం ఒకటి తనకి చేసిపెట్టమని, ఆ పెద్ద గొంతుని వీలైనంత తగ్గించి అడిగారు.